ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న మజిల్ కారు: నాలుగు బేరాలు, దేనికి డబ్బు పెట్టాలి?

పోయిన అక్టోబరులో మిషిగన్ థంబ్ ప్రాంతంలో, చక్కెర దుంప పొలాల మధ్య ఉన్న ఒక పాత పశువుల కొట్టంలో మోకాళ్ల మీద కూర్చుని, 1968 ప్లిమత్ రోడ్ రన్నర్ రేకు మీద అయస్కాంతం పెట్టి చూస్తున్నాను. పెయింటు గీసుకోకుండా గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం. తలుపు మీద టక్కున అంటుకుంది. వెనక చక్రం పైన కూడా అంటుకుంది. చక్రానికీ వెనక బంపరుకీ మధ్య, కింది అంచున పెట్టేసరికి జారి గడ్డిలో పడింది. అంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది.

డాలస్ నుంచి మా బావమరిది వీడియో కాల్‌లో చూస్తున్నాడు. "పడిపోయిందా బావా?" అన్నాడు.

"పడింది. అసలు సంగతి కింద ఉంటుంది, ఆగు. జాకీ వేసి చూస్తాను."

వాడికి మజిల్ కార్ల మీద మోజు ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచీ ఉంది. ఇప్పుడు సొంత ఇల్లు, రెండు కార్లు పట్టే గ్యారేజీ అమరాయి. ఎక్కడో మూలన పడి ఉన్న పాత కారు ఒకటి కొని, పదో తరగతి వయసున్న కొడుకుతో కలిసి బాగుచేసుకోవాలని కోరిక. మూడు నెలలు వెతికి నాలుగు బేరాలు నా ముందు పెట్టాడు. నాలుగూ నాలుగు రకాలు. అమెరికాలో ఇలాంటి కారు కోసం వెతికేవాళ్లకి అటూ ఇటుగా ఇవే ఎదురవుతాయి కాబట్టి, మేం చూసినవాటినే పట్టుకుని దేన్ని ఎలా తూచాలో చెబుతాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగాను. నాన్నగారిది టింకరింగ్ షెడ్డు. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ మిషిగన్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో కూర్చుని ఒక 1970 డాడ్జ్ కొరోనెట్‌ని ఆరేళ్లకి రోడ్డెక్కించాను. ఆ ఆరేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే: ఇంజిన్ చూసి కారు కొనకూడదు, రేకు చూసి కొనాలి. ఆ రేకు పని ఎవరు చేస్తారో ముందే తేల్చుకుని మరీ కొనాలి.

మా ముందున్న నాలుగు

మొదటిది ఈ రోడ్ రన్నర్. 1987లో లోపల పెట్టి తలుపు వేశారట. అన్ని భాగాలూ ఉన్నాయి, ఇంజిన్ సీజ్ అయింది. అడిగింది 21 వేల డాలర్లు.

రెండోది 1970 షెవర్లే షెవెల్. ఆరిజోనాలో ఒకరి పెరట్లో, ఆరుబయట ఎండలో ఉంది. ఇంజిన్ లేదు, గేర్‌బాక్స్ లేదు, సీట్లు చింపిరి. "ఎస్ఎస్ 396" (396 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఉన్న 'సూపర్ స్పోర్ట్' రకం) అని చెప్పి 19 వేలు అడిగారు.

మూడోది 1967 పాంటియాక్ జీటీఓ. ఒహాయోలో ఒకాయన సగం పని చేసి ఆపేశాడు. బాడీ ఒక చోట, ఛాసిస్ ఒక చోట, మిగతాదంతా నలభై అట్టపెట్టెల్లో. 18 వేలు.

నాలుగోది పడి ఉన్న కారు కాదు. టెక్సాస్‌లోనే, నడుస్తున్న 1966 ఫోర్డ్ మస్టాంగ్. పెయింటు వెలిసింది, ఏసీ లేదు, కానీ తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది. 24 వేలు.

మజిల్ కారు అన్న మాట కొత్తగా వింటున్నవాళ్లకి రెండు ముక్కలు. మధ్యస్థ సైజు మామూలు కారులో పెద్ద వీ8 ఇంజిన్ పెట్టి, కుర్రవాళ్లు కొనగలిగే ధరకి అమ్మడం దీని మూలసూత్రం. 1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ లమాన్స్‌లో 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ పెట్టి, దాన్ని జీటీఓ అనే ఆప్షన్‌గా ఇవ్వడంతో ఈ ఊపు మొదలైందని ఎక్కువమంది లెక్క. రోడ్ రన్నర్ అయితే ఆ సూత్రానికి అచ్చమైన రూపం. 383 ఇంజిన్, 335 హార్స్‌పవర్, లోపల ఏ సోకులూ లేవు, 1968లో మొదటి ధర 2,896 డాలర్లు. కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకోవడానికి ప్లిమత్ వాళ్లు వార్నర్ బ్రదర్స్‌కి 50 వేల డాలర్లు కట్టారు. హారన్ కూడా ఆ పక్షిలాగే "బీప్ బీప్" అంటుంది. 1970ల మొదట్లో ఇన్సూరెన్స్ ప్రీమియంలు, పొగ నిబంధనలు, సీసం లేని పెట్రోలు, ఆ వెంటనే 1973 చమురు సంక్షోభం వరసగా వచ్చిపడి ఈ కాలం ముగిసింది.

కారు ఎక్కడ పడుకుంది?

"బార్న్‌లో దొరికిన కారు" అనగానే చాలామందికి గుండె కొట్టుకునే వేగం పెరుగుతుంది. వాన తగలలేదు, ఎండ తగలలేదు, బాగుంటుందని అనుకుంటారు. నేల ఏమిటో చూడండి. సిమెంటు గచ్చు మీద ఉంటే ఒక రకం. మట్టి నేల మీద ఉంటే, ముప్పై ఏళ్లపాటు ఆ మట్టిలోంచి లేచిన తేమ అంతా కారు అడుగు రేకుకే పట్టి ఉంటుంది. పైన దుమ్ము తుడిస్తే పెయింటు మెరుస్తుంది, అడుగున ఛాసిస్ అప్పడంలా విరుగుతుంది. దానికి తోడు మిషిగన్, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే ఉప్పు గని ఉంది. కాబట్టి పడుకోబెట్టక ముందు ఆ కారు ఎన్ని చలికాలాలు తిరిగిందో అడగడం, ఎన్నేళ్లు పడుకుందో అడగడం కన్నా ముఖ్యం.

ఆరిజోనా సంగతి తలకిందులు. అక్కడ ఇనుము బతుకుతుంది, మిగతావన్నీ చస్తాయి. డ్యాష్‌బోర్డు పగుళ్లిస్తుంది, సీట్ల రెగ్జిన్ పొడి అవుతుంది, వైరింగ్ మీద తొడుగు ముట్టుకుంటే రాలిపోతుంది, అద్దాల చుట్టూ రబ్బరు రాయిలా గట్టిపడుతుంది. ఎండిన రబ్బరు వల్ల ఎప్పుడో ఒకప్పుడు కురిసిన వాన లోపలికి దిగి, కార్పెట్ కింద నిలిచి, ఎడారి కారుకి కూడా ఫ్లోరు తుప్పు పట్టే అవకాశం ఉంది. అది మాత్రం కార్పెట్ ఎత్తి చూడాలి.

రబ్బరూ రెగ్జినూ వైరింగూ డబ్బు పెడితే ఇంటికొస్తాయి, సాయంత్రాలు కూర్చుని మనమే బిగించుకోవచ్చు. రేకు పని అలా కాదు. ఆటోనగర్‌లో అయితే నాన్నగారు ఒక డోర్ అడుగుభాగం కొత్తగా కొట్టి అతికించడానికి ఒక రోజు కూలి తీసుకునేవారు. ఇక్కడ చాలాచోట్ల గంటకి వంద డాలర్లు దాటింది. పూర్తి రిస్టొరేషన్‌కి షాపు లెక్కలో వెయ్యి గంటలు దాటడం మామూలే, అందులో సింహభాగం రేకుకే పోతుంది. తుప్పు పట్టిన కారుని చవగ్గా కొన్నామని సంతోషపడేవాళ్లు ఆ తేడా డబ్బు మొత్తం, దానికి మరో రెండింతలు, వెల్డర్ చేతిలో పెడతారు.

కింద పడుకుని చూడాల్సినవి

ప్రతి కంపెనీ కారుకీ తుప్పు పట్టే చోట్లు వేరు. ఇది తెలియకుండా చూస్తే రెండు గంటలు చూసినా దండగే.

ప్లిమత్, డాడ్జ్ కార్లకి విడిగా ఛాసిస్ ఉండదు. బాడీకే అడుగున రైళ్లు అనే పెట్టెల్లాంటి ఉక్కు దూలాలు వెల్డ్ చేసి ఉంటాయి. ముందు చక్రాల బరువు మోసేది స్ప్రింగులు కాదు, టోర్షన్ బార్లనే రెండు పొడుగాటి ఉక్కు కడ్డీలు. వాటి వెనక కొసలు ముందు సీట్ల కింద అడ్డంగా ఉన్న క్రాస్‌మెంబర్‌లో ఇరుక్కుని ఉంటాయి. ఆ క్రాస్‌మెంబర్ తుప్పు పట్టిందంటే కారు బరువంతా గాల్లో ఉన్నట్టే. తర్వాత వెనక రైళ్లు, ముఖ్యంగా లీఫ్ స్ప్రింగు ముందు కొస బిగించే చోటు. నేను వెంట తీసుకెళ్లేది పాత స్క్రూడ్రైవరు ఒకటి. గట్టిగా పొడవను, బొటనవేలితో ఎంత నొక్కుతామో అంతే నొక్కుతాను. మంచి ఉక్కు అయితే ఠంగుమంటుంది.

ఈ రోడ్ రన్నర్ క్రాస్‌మెంబర్ ఠంగుమంది. ఎడమ వైపు రైలు కూడా బాగుంది. కుడి వైపు రైలు మీద నొక్కితే స్క్రూడ్రైవరు చప్పుడు లేకుండా అంగుళం లోపలికి దిగింది. బయటికి తీస్తే ఆ రంధ్రంలోంచి ఎర్రటి పొడి నా చెంప మీద రాలింది. డిక్కీ పక్క గుంటలు రెండూ పోయాయి, బయటి రేకు కింది అంచులు రెండువైపులా పుట్టీయే.

షెవెల్, జీటీఓ రెండూ జనరల్ మోటార్స్ ఏ-బాడీ కార్లు. వీటికి అడుగున విడి ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. పని నేర్చుకునేవాళ్లకి ఇది పెద్ద వరం. ఛాసిస్ పోతే ఛాసిస్ మార్చుకోవచ్చు. బాడీ దిమ్మలు కూర్చునే చోట్లు, వెనక అద్దం చుట్టూ ఉండే గాడి చూడాలి. ఆ గాడిలో ఆకులూ మట్టీ చేరి తేమ నిలుస్తుంది, అది చిల్లుపడి నీళ్లు నేరుగా డిక్కీలోకి దిగుతాయి. కారుకి వినైల్ టాప్ (పైకప్పు మీద అతికించిన రెగ్జిన్ లాంటి గుడ్డ) ఉంటే ఆ గుడ్డ కింద ఏముందో చూడకుండా బేరం కుదుర్చుకోవద్దు.

మస్టాంగ్‌కి ముందు అద్దం కింద, బానెట్ వెనక ఉండే గాలి జల్లెడ. ఒక చెంబెడు నీళ్లు అందులో పోసి, లోపల డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూడండి. నీళ్లు కాళ్ల దగ్గర కారాయంటే లోపలి రేకు పోయింది, దాన్ని మార్చాలంటే ముందు భాగం దాదాపు మొత్తం విప్పాలి.

ఒక జాగ్రత్త. పడి ఉన్న కార్లన్నిట్లోనూ ఎలుకలు కాపురం చేస్తాయి, సీట్లలో, హీటర్ పెట్టెలో, ఎయిర్ క్లీనర్‌లో. అమెరికాలో కొన్ని రకాల ఎలుకల రెట్ట, మూత్రం వల్ల హాంటావైరస్ వస్తుంది, అది ఊపిరితిత్తులకి ప్రాణాంతకం. పొడిగా చీపురుతో ఊడవద్దు, వాక్యూమ్ పెట్టవద్దు. ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలు ఆగి, గ్లౌజులూ మాస్కూ వేసుకుని తుడవండి. బ్రేక్ డ్రమ్ముల్లో ఉండే దుమ్ము కూడా ఎయిర్ పైపుతో ఊదవద్దు, అప్పటి బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది.

ఇంజిన్ సీజ్ అయితే?

అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎక్కువ మాట్లాడేది దీని గురించే. నిజానికి అన్నిటికన్నా తేలిగ్గా తేలే విషయం ఇది. ముప్పై ఏళ్లు కదలకపోతే పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి తుప్పుతో అంటుకుంటాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, తుప్పు వదిలించే నూనె పోసి, కొన్ని రోజులు నానబెట్టి, క్రాంక్ బోల్టు మీద పొడుగు హ్యాండిల్ వేసి చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే చాలావరకు వదులుతుంది. వదిలినా వదలకపోయినా ఇంజిన్ విప్పాల్సిందే. విప్పి, సిలిండర్లకి 30 థౌ (అంగుళంలో వెయ్యికి 30 వంతులు) పెద్దదిగా బోరు వేయించి, కొత్త పిస్టన్లు పెడితే అది మళ్లీ కొత్త ఇంజిన్.

భయపడాల్సింది సీజ్‌కి కాదు, పగులుకి. చలి రాష్ట్రాల్లో రేడియేటర్‌లో కూలెంట్ బదులు నీళ్లు ఉండిపోతే, అవి గడ్డకట్టి పోత ఇనుము బ్లాకుని పగలగొడతాయి. బ్లాకు రెండు పక్కలా, ముఖ్యంగా ఫ్రీజ్ ప్లగ్గుల (బ్లాకు పక్కన ఉండే గుండ్రటి రేకు మూతల) వరస వెంట, తుప్పు గీత లాంటిది ఏదైనా కనిపిస్తుందేమో టార్చి వేసి వెతకండి.

"బ్యాటరీ పెట్టి చూపిస్తాను, స్టార్ట్ అవుతుంది" అని అమ్మేవాళ్లు ఉత్సాహపడితే వద్దని చెప్పండి. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది, సిలిండర్లలో తుప్పు పొడి ఉంటుంది. ఆ ఒక్క స్టార్ట్‌తో బాగున్న ఇంజిన్ కూడా గీతలు పడుతుంది. బ్రేకులు ఎలాగూ ఉండవు, వీల్ సిలిండర్లు బిగుసుకుపోయి ఉంటాయి. 1966, అంతకు ముందు కార్లలో బ్రేక్ మాస్టర్ సిలిండర్‌కి ఒకే గది ఉండటం మామూలు, ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. కారు ఏ స్థితిలో ఉన్నా దాన్ని రెండు గదులదానికి మార్చుకోవడం నా దృష్టిలో తప్పనిసరి.

కాగితాలు, నంబర్లు

ఇక్కడ రెండు సంగతులు వేరువేరుగా చూడాలి. కారు మీదేనా అన్నది ఒకటి. అది అమ్మేవాళ్లు చెప్పే కారేనా అన్నది రెండోది.

మొదటిదానికి టైటిల్ కావాలి, మన ఆర్‌సీ లాంటిది. ఎన్నో ఏళ్ల క్రితం పెట్టేసిన కార్లలో టైటిల్ ఎప్పుడో చనిపోయిన తాతగారి పేరు మీద ఉంటుంది, అమ్మేది మనవడు. వారసత్వం కాగితాలు లేకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. డ్యాష్‌బోర్డు మీది వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరూ టైటిల్ మీది నంబరూ ఒక్కో అంకె వేలు పెట్టి చదివి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆఫీసుల చుట్టూ నెలల తరబడి తిరగాలి. టెక్సాస్‌లో టైటిల్ లేని కారుకి బాండెడ్ టైటిల్ అనే దారి ఉంది. కారు విలువకి ఒకటిన్నర రెట్లకి బాండు తీసుకోవాలి. దారి ఉంది కదా అని ధైర్యంగా కొనేయకుండా, ముందే కౌంటీ ఆఫీసులో అడిగి వెళ్లండి.

రెండోదానికి నంబరు చదవడం రావాలి. 1981కి ముందు పదిహేడు అక్షరాల పద్ధతి లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో భాష. ఈ రోడ్ రన్నర్ నంబరు ఆర్ఎమ్21హెచ్8ఏ అని మొదలైంది. ఆర్ఎమ్ అంటేనే రోడ్ రన్నర్, 21 అంటే తలుపుల మధ్య స్తంభం ఉన్న కూపే, హెచ్ అంటే 383 ఇంజిన్, 8 అంటే 1968, ఏ అంటే ఇక్కడి డెట్రాయిట్ లించ్ రోడ్ ఫ్యాక్టరీ. అదే అయిదో అక్షరం జే అయి ఉంటే 426 హెమీ అనే పెద్ద ఇంజిన్, ధర ఎక్కడికో వెళ్లేది. పాంటియాక్ జీటీఓకి 1964, 65లలో నంబరులో ఆనవాలు ఉండదు, అప్పుడది లమాన్స్ మీద ఆప్షన్. 1966 నుంచి 1971 వరకు నంబరు 242తో మొదలైతే అసలైన జీటీఓ. పైగా పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్ల దగ్గర డబ్బు కట్టి ఫ్యాక్టరీ కాగితాల నకలు తెప్పించుకోవచ్చు. ఫోర్డ్‌కి 1967 మోడల్ నుంచి మార్టీ రిపోర్ట్ అలాంటిదే. 1966 మస్టాంగ్‌కి అది దొరకదు గానీ, నంబరులో అయిదో అక్షరం ఇంజిన్ చెబుతుంది: టీ అంటే ఆరు సిలిండర్లు, సీ, ఏ, కే అంటే 289 వీ8లో మూడు రకాలు. నంబరు చూసే వీలు లేకపోతే చక్రం నట్లు లెక్కపెట్టండి. ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి నాలుగు, వీ8కి అయిదు.

షెవెల్ దగ్గరే అసలు చిక్కు. 1966 నుంచి 68 వరకు ఎస్ఎస్ 396కి 138 అనే సొంత నంబరు ఉండేది. 1969 నుంచి అది ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది. 1970 షెవెల్ నంబరు చూసి మాలిబూనా (షెవెల్‌లో మామూలు రకం), ఎస్ఎస్‌నా చెప్పడం కుదరదు. బానెట్, గ్రిల్, బ్యాడ్జీలు, గుండ్రటి మీటర్లున్న డ్యాష్‌బోర్డు, 12 బోల్టుల వెనక యాక్సిల్, అన్నీ తర్వాత తెచ్చి బిగించవచ్చు. నిఖార్సైన రుజువు ఫ్యాక్టరీలో కారుతో పాటు తిరిగిన బిల్డ్ షీట్ కాగితం. షెవెల్స్‌లో అది తరచుగా పెట్రోల్ ట్యాంకు పైన ఇరుక్కుని దొరుకుతుంది. ఆరిజోనా ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. "మా మామయ్య ఎస్ఎస్ అనే చెప్పేవాడు" అన్నాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని నేను అనుకోలేదు. కానీ మాటకి మాలిబూ ధరే ఇవ్వగలం.

రోడ్ రన్నర్‌లో మాత్రం వెనక సీటు ఎత్తి, అడుగున స్ప్రింగుల మధ్య చెయ్యి పెట్టాను. మడత పడిన కాగితం తగిలింది. ఒక మూల ఎలుకలు కొట్టేశాయి, మిగతాది పసుపు రంగుకి తిరిగింది. గడులు గడులుగా ముద్రించిన కోడ్‌లు, మధ్యలో వీఐఎన్, డ్యాష్‌బోర్డు మీదున్న నంబరే. లించ్ రోడ్‌లో ఎవరో పనివాడు 1968లో అక్కడ దూర్చిన కాగితం. అది పట్టుకున్నప్పుడు నా చేతులు కొంచెం వణికాయి. ఆ ఇంటాయనకి చూపిస్తే, తన తండ్రి ఆ సీటు మీద తనని కూర్చోబెట్టుకుని స్కూల్‌కి తీసుకెళ్లేవాడని చెప్పి, చాలాసేపు కాగితం తిరిగి ఇవ్వలేదు.

పెట్టెల్లో ఉన్న జీటీఓ

దీన్ని మొదట్లోనే కొట్టేశాం, కానీ చాలామంది మోసపోయేది ఇక్కడే కాబట్టి చెప్పాలి. ఫొటోల్లో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే. ఛాసిస్ నల్లగా మెరుస్తోంది, బాడీ బూడిద రంగు ప్రైమర్‌లో నున్నగా ఉంది. కష్టమైన పని అయిపోయింది, ఇక బిగించడమే అనిపిస్తుంది.

విప్పినవాడికి తప్ప ఆ పెట్టెలు ఇంకెవరికీ అర్థం కావు. ఏ బోల్టు ఎక్కడిదో రాసి లేకపోతే, ఒక్కో చిన్న బ్రాకెట్ కోసం పుస్తకాలు తిరగేస్తూ వారాలు గడుస్తాయి. ఏది లేదో తెలిసేది బిగించేటప్పుడే. పెద్దవి ఉంటాయి, మాయమయ్యేవి ఎప్పుడూ చిన్నవే, అవే దొరకవు. రెండోది ఆ ప్రైమర్. మామూలు ప్రైమర్ తేమని పీల్చుకుంటుంది. ఇసుకతో గీకి రేకు బయటపెట్టి, ప్రైమర్ మాత్రం కొట్టి, పెయింటు వేయకుండా ఏళ్లు వదిలేస్తే కింద తుప్పు పాకుతుంది, మళ్లీ మొదటికి గీకాలి. ఏ ప్రైమర్ వాడారు, ఎప్పుడు కొట్టారు అని అడిగితే ఆయనకి గుర్తు లేదు. ఇంజిన్ బోరు చేయించామన్నారు, మెషిన్ షాపు బిల్లు లేదు. విప్పదీసిన కారుకి మామూలు కారు కన్నా మూడింతల చోటు కావాలి, మా వాడి గ్యారేజీ చాలదు.

విప్పేటప్పటి ఫొటోలు, పేర్లు రాసిన సంచులు, బిల్లులు ఉంటే ఇలాంటి బేరం బంగారం. అవి లేకపోతే, లేని భాగాలు ఉన్నట్టు ఊహించుకుని డబ్బు ఇవ్వకండి.

నడిచే మస్టాంగ్

నాకు ఈ ఎంపిక మీద గౌరవం ఉంది, మా బావమరిదికి లేదు. 1964 ఏప్రిల్‌లో వచ్చిన మస్టాంగ్ రెండేళ్లలోపే పది లక్షలు అమ్ముడైంది. అందుకే దాని ప్రతి మరా, ప్రతి రేకూ ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతాయి. మొదటి తరం షెవర్లే కమారోకి కూడా అంతే. డబ్బు ఉండాలే గానీ మొత్తం బాడీ షెల్లే కొత్తది కొనుక్కోవచ్చు. షెవెల్, జీటీఓలకి చాలా దొరుకుతాయి. ప్లిమత్, డాడ్జ్‌లకి ఇప్పుడు పర్వాలేదు, కానీ ధర ఎక్కువ. ఏఎమ్‌సీ జావెలిన్, మెర్క్యురీ సైక్లోన్ లాంటివి కొనేటప్పుడు మాత్రం లేని భాగం అంటే దొరకని భాగం అనుకునే కొనండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, వీసా మీద ఉండి రెండేళ్లలో ఏ ఊరు మారాల్సి వస్తుందో తెలియనివాళ్లు, చిన్న పిల్లలున్నవాళ్లు నడిచే కారే కొనుక్కోండి. ఆదివారం నడుపుకుంటూ, ఒక్కో చలికాలం ఒక్కో పని చేసుకోవచ్చు. విప్పి పెట్టిన కారుతో ఊరు మారడం ఎంత టెన్షనో నేను కళ్లారా చూశాను. ఇల్లు సొంతమైనా హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు చదవండి. చాలా కాలనీల్లో నడవని కారు డ్రైవ్‌వేలో ఉంచనివ్వరు.

మా వాడు ఒకటే అన్నాడు: "నడిచేది కొంటే పిల్లాడు నడుపుతాడు బావా, నేర్చుకోడు." దానికి నేను ఎదురు చెప్పలేదు.

ఇద్దరికి రెండు జవాబులు

మిగిలినవి రోడ్ రన్నర్, షెవెల్. నా మనసు రోడ్ రన్నర్ మీదే ఉంది. అసలు ఇంజిన్, అసలు కాగితం, ఒకే కుటుంబం చేతిలో ఉన్న కారు. వెల్డింగ్ చేతనైన నాలాంటివాడికి కుడి రైలు, డిక్కీ గుంటలు, రెండు పక్క రేకులు కలిపి రెండు చలికాలాల పని. ఆ పని డబ్బిచ్చి చేయిస్తే మాత్రం, కారు కొన్న ధర కన్నా రేకు బిల్లు ఎక్కువవుతుంది. రైలు కోసేటప్పుడు బాడీ వంగకుండా జిగ్ (కదలకుండా పట్టి ఉంచే ఇనప చట్రం) మీద కట్టాలి, అది గ్యారేజీలో మొదటిసారి వెల్డింగ్ గన్ పట్టుకునేవాడు చేసే పని కాదు. మా బావమరిదికి చేతిలో స్పానర్ బాగా ఆడుతుంది, వెల్డింగ్ తెలియదు.

కాబట్టి వాడికి షెవెల్ కొనమన్నాను. ఎస్ఎస్‌గా కాదు, ఇంజిన్ లేని మాలిబూగా. అందులో అసలు ఇంజిన్ లేదు కాబట్టి ఇంజిన్ నంబరూ కారు నంబరూ కలవాలన్న బెంగ కూడా లేదు. చిన్న బ్లాకు షెవర్లే ఇంజిన్ అమెరికాలో ఎక్కడైనా దొరుకుతుంది, ఏ ఇంజిన్ పెట్టినా ఆ కారు విలువ కొత్తగా తగ్గేది లేదు. ఫీనిక్స్ దగ్గరున్న ఒక స్నేహితుణ్ణి పంపి కార్పెట్ ఎత్తించి, వెనక అద్దం గాడిలో వేలు పెట్టించి, బాడీ దిమ్మలన్నీ ఫొటో తీయించాం. అడుగున ఫ్యాక్టరీలో వేసిన పెయింటు అలాగే ఉంది. రుజువు లేని ఎస్ఎస్‌కి ఎస్ఎస్ ధర ఎందుకు ఇవ్వలేమో ఆయనకి ఓపిగ్గా చెప్పాం. నాలుగు వారాలు ఆలోచించి 11,500కి ఒప్పుకున్నాడు. మిగిలిన డబ్బుతో ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్ సెట్టు, సీట్ల కవర్లు వస్తాయి.

జనవరిలో షెవెల్ ట్రైలర్ మీద డాలస్ చేరింది. నేను విమానంలో వెళ్లాను. మొదటి పనిగా పెట్రోల్ ట్యాంకు దించాం. మేనల్లుడు కింద దూరి పట్టీలు విప్పాడు, నేనూ వాడి నాన్నా చెరో పక్క పట్టుకున్నాం. ట్యాంకు కిందికి రాగానే ముగ్గురం ఒకేసారి పైన చూశాం. కాగితం లేదు. డిక్కీ ఫ్లోరు అడుగు రేకు మీద మాత్రం ఫ్యాక్టరీ మరక కూడా చెరగకుండా ఉంది. మేనల్లుడు స్క్రూడ్రైవరు పిడితో దాన్ని కొట్టి చూశాడు. ఠంగుమంది.